రాత్రి పదకొండు తర్వాతి లెక్క: నిరాశ్రయుల మీద కార్పొరేషన్ ఏటా చెప్పే ప్రగతిని చదవడం ఎలా?

మున్సిపల్ కార్పొరేషన్ వార్షిక నివేదికలో నిరాశ్రయులకు దక్కేది మహా అయితే ఒక పేజీ. జీహెచ్‌ఎంసీలో అది యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగం కింద వస్తుంది, మిగతా పట్టణాల్లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద. షెల్టర్లు ఇన్ని, పడకలు ఇన్ని, ఖర్చు ఇంత, లబ్ధిదారులు ఇంతమంది అని నాలుగు గడులు ఉంటాయి. నిరుటి కంటే నాలుగింటిలోనూ అంకె పెరిగిందనుకుందాం. అయినా రాత్రి బస్టాండు ఎదురుగా పడుకునేవాళ్లు పడుకుంటూనే ఉంటారు. నివేదిక అబద్ధమని అనక్కర్లేదు, మన కళ్లు మోసం చేశాయనీ అనక్కర్లేదు. ఆ నాలుగు గడుల్లో ఒక్కటి కూడా రోడ్డు మీద ఎంతమంది మిగిలారో చెప్పదు, అంతే.

ఆ పేజీని సరిగ్గా చదవాలంటే ముందు మాటల దగ్గర చిక్కు విప్పుకోవాలి.

ఎవరి లెక్క ఇది?

తెలుగులో ‘ఇల్లు లేదు’ అంటే సొంతిల్లు లేదనే అర్థమే ముందు తడుతుంది. ఇరవై ఏళ్లుగా అద్దెకుంటున్న గుమాస్తా ‘మాకు ఇల్లు లేదు సార్’ అని అర్జీ పెట్టుకుంటే అందులో తప్పేం లేదు. డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, పీఎం ఆవాస్, ఇళ్ల పట్టాలు అన్నీ ఆ అర్థంలో ఇల్లు లేనివాళ్ల కోసం పెట్టినవే. నిరాశ్రయుడి సంగతి వేరు. జనగణన వాళ్ల భాషలో ఇల్లు అనదగ్గ కట్టడమేదీ లేకుండా ఫుట్‌పాత్ మీద, సిమెంటు తూముల్లో, ఫ్లైఓవర్ కింద, మెట్ల కింద, గుడి మండపంలో, రైల్వే ప్లాట్‌ఫారం మీద బతికేవాడు నిరాశ్రయుడు. బస్తీలో గుడిసె ఉన్నవాడు కూడా ఈ లెక్కలోకి రాడు.

మూడో మాట యాచకుడు. చాలామంది దృష్టిలో నిరాశ్రయుడంటే అడుక్కునేవాడే. నిజానికి ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లలో అడ్డా కూలీలు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు, ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు కడిగే కేటరింగ్ కూలీలు, రిక్షా లాగేవాళ్లు ఉంటారు. పగలంతా పని చేస్తారు, రాత్రికి గది అద్దె కట్టేంత మిగలదు. లేదంటే మిగిలింది ఊరికి పంపుతారు.

ఈ మూడు మాటలకు మూడు వేర్వేరు చోట్ల పద్దులున్నాయి. షెల్టర్లు కేంద్రంలో గృహ, పట్టణ వ్యవహారాల శాఖ కిందవి. యాచకుల పునరావాసానికి 2022లో మొదలైన ‘స్మైల్’ పథకం సామాజిక న్యాయ శాఖది. ఇళ్లు రాష్ట్ర గృహనిర్మాణ శాఖవి. ఒక శాఖ చేసిన పని ఇంకో శాఖ ప్రగతిగా కనబడటం ఇక్కడే మొదలవుతుంది. 2017 నవంబరులో గ్లోబల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్‌కు ముందు హైదరాబాద్‌లో పోలీసు ఉత్తర్వుతో భిక్షాటన నిషేధించి, యాచకుల్ని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని కేంద్రాలకు తరలించారు. ఆ వారం కూడళ్లు ఖాళీగా కనిపించాయి. అలాంటి వారంలో ఎవరైనా నిరాశ్రయుల లెక్క తీస్తే సంఖ్య పడిపోయి ఉండేది. మనుషులు చోటు మారారు తప్ప ఆశ్రయం దొరికి కాదు.

కాబట్టి పేజీ తెరవగానే చూడాల్సింది ఒకటే: ఇందులో చెప్పిన ‘లబ్ధిదారులు’ ఈ ముగ్గురిలో ఎవరు?

తలలు లెక్కపెట్టే రాత్రి

2011 జనగణన ప్రకారం దేశంలో నిరాశ్రయులు 17.73 లక్షల మంది. 2001లో 19.43 లక్షలు. పదేళ్లలో తగ్గారని సంబరపడేలోపు రెండో వరుస చూడాలి. పల్లెల్లో 11.65 లక్షల నుంచి 8.34 లక్షలకు తగ్గారు, పట్టణాల్లో 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగారు. మొత్తం అంకె ఒక కథ చెబుతుంటే, మున్సిపాలిటీలకు సంబంధించిన అంకె దానికి సరిగ్గా ఎదురు కథ చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి సంఖ్య సుమారు 1.45 లక్షలు.

ఆ లెక్క తీసింది 2011 ఫిబ్రవరి 28 రాత్రి, ఒక్క రాత్రిలో. ఒక్క రాత్రే ఎందుకంటే, రెండు రాత్రులు తిరిగితే నిన్న చార్మినార్ దగ్గర కనిపించినవాడు ఇవాళ నాంపల్లిలో మళ్లీ లెక్కలో పడతాడు. కానీ ఒక్క రాత్రి లెక్కకు దాని అవస్థలు దానికున్నాయి. ఆ రాత్రి వాన పడితే ఫుట్‌పాత్ మీదివాళ్లు షాపుల షట్టర్ల కిందికి, సెల్లార్లలోకి వెళ్లిపోతారు. జాతర ఉంటే సగంమంది ఊళ్లో ఉండరు. ముందు వారం పోలీసులు ‘క్లియర్’ చేస్తే ఇంకొంతమంది కనబడరు. ఏ నెలలో లెక్కపెట్టారన్నది కూడా తేడా తెస్తుంది. ఖరీఫ్ కోతలయ్యాక పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి పట్నానికి వచ్చే కూలీలు తొలకరి పడగానే తిరిగి వెళ్తారు. ఒక ఏడాది ఫిబ్రవరిలో, మరుసటి ఏడాది ఆగస్టులో లెక్క తీసి ‘తగ్గారు’ అంటే అది ప్రగతి కాదు, వ్యవసాయ పంచాంగం.

మున్సిపాలిటీలు సొంతంగా చేయించే సర్వేల్లో పనితనం బయటపడేది ముందు రోజుల్లోనే. పగలు వెళ్లి అడిగితే ఎవరెక్కడ పడుకుంటారో తెలియదు. రాత్రి టీ బండ్లవాళ్లు, స్వీపర్లు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లను అడిగి వార్డుల వారీగా చోట్ల పట్టిక వేసుకోవాలి. తర్వాత ఒకే రాత్రి అన్ని వార్డుల్లో ఒకేసారి బృందాలు దిగాలి. పదకొండుకు ముందు మొదలుపెడితే షాపులు తెరిచే ఉంటాయి, పడుకునేవాళ్లు ఇంకా చేరుకోరు. నాలుగు దాటితే కూరగాయల మార్కెట్ కూలీలు లేచి వెళ్లిపోతారు. ఆ ఐదు గంటల్లోనే అయిపోవాలి. బృందంలో కనీసం ఒకరు రోడ్డు మీద బతికిన మనిషి అయితేనే ఆడవాళ్లు కనబడతారు. ఒంటరి ఆడవాళ్లు వెలుగున్న ఫుట్‌పాత్ మీద పడుకోరు. ఆసుపత్రి వరండాల్లో పేషెంటు బంధువుల మధ్య కలిసిపోతారు, గుడి వెనక ఉంటారు, కొందరు రాత్రంతా నడుస్తూనే ఉంటారు. రైల్వే స్టేషన్ లోపలి జాగా రైల్వేది. అనుమతి తీసుకోకపోతే సికింద్రాబాద్ లాంటి స్టేషన్ మొత్తం లెక్కలోంచి జారిపోతుంది.

పద్ధతి మారితే అంకె ఎంత మారుతుందో ఢిల్లీని చూస్తే తెలుస్తుంది. 2011 జనగణనలో అక్కడి నిరాశ్రయులు 46,724 మంది. 2014లో ఢిల్లీ షెల్టర్లు చూసే డూసిబ్ చేయించిన సర్వేలో 16,760. మూడేళ్లలో మూడింట రెండు వంతుల మందికి ఇళ్లు దొరికాయని ఎవరూ అనలేదు, అనలేరు కూడా. అందుకే ఏడాది నివేదికలో ‘సర్వే ప్రకారం’ అని ఉంటే తేదీ, వేళ, పద్ధతి నిరుటివేనా అని అడగాలి. మూడింట్లో ఒకటి మారినా రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడానికి లేదు.

లక్షకు వంద

ఎన్ని పడకలుండాలన్న కొలమానం కోర్టు నుంచి వచ్చింది. ఢిల్లీలో 2009 డిసెంబరు చలిలో పూసా రోడ్డు దగ్గర తాత్కాలిక షెల్టర్‌ను కూల్చేసిన తర్వాత, ఆహార హక్కు కేసులో భాగంగా 2010లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. లక్ష జనాభాకు ఒక షెల్టర్, అది ఏడాది పొడవునా ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలన్నది అప్పటి మాట. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు దాన్నే తీసుకుని, లక్ష జనాభాకు కనీసం వందమందికి సరిపడా శాశ్వత ఆశ్రయం అన్నాయి. మనిషికి కనీసం 50 చదరపు అడుగులు.

2011 జనాభాతో లెక్కేస్తే జీహెచ్‌ఎంసీకి 67 లక్షలకు 6,700 పడకలు, విశాఖకు 17 లక్షలకు 1,700, విజయవాడకు పదిలక్షలకు వెయ్యి. పదిహేనేళ్ల కిందటి జనాభా అది, ఇవాళ్టి అవసరం ఇంకా ఎక్కువే.

ఇక్కడో చిన్న కిటుకుంది. మార్గదర్శకాల ప్రకారం ఒక్కో షెల్టర్ 50 మందికీ కట్టొచ్చు, 100 మందికీ కట్టొచ్చు. లక్షకు ‘ఒక షెల్టర్’ అన్న మాట పట్టుకుని యాభై పడకలవి పదిహేడు కడితే విశాఖలాంటి నగరం కోటా పూర్తయినట్టు కాగితం మీద కనిపిస్తుంది, పడకలు మాత్రం 850. షెల్టర్ల సంఖ్య చూసి ఆగిపోకూడదు. చదరపు అడుగులు కూడా అడగాలి. యాభైమందికి 2,500 చదరపు అడుగులు కావాలి. పాత కమ్యూనిటీ హాల్లో 1,200 అడుగులుంటే అందులో వేయగలిగేది 24 పడకలే, బోర్డు మీద ఎంతని రాసినా.

ఇంకో సంగతి. ఈ కొలమానం జనాభాను బట్టి, నిరాశ్రయుల్ని బట్టి కాదు. పుణ్యక్షేత్రం, పెద్ద రైల్వే జంక్షన్, పెద్దాసుపత్రి ఉన్న ఊళ్లకు జనాభాతో పొంతన లేనంతమంది వస్తారు. తిరుపతికి లక్షకు వంద ఏ మూలకూ చాలదు.

హాజరు రిజిస్టర్ దగ్గరికి వెళ్దాం

షెల్టర్ గుమ్మం పక్కన బల్ల మీద పొడవాటి రిజిస్టర్ ఉంటుంది. తేదీ, పేరు, వయసు, ఊరు, వచ్చిన టైము, సంతకమో వేలిముద్రో, పొద్దున వెళ్లిన టైము. వార్షిక నివేదికలోని ‘లబ్ధిదారులు’ అన్న అంకె పుట్టేది ఈ బల్ల మీదే.

యాభై పడకల షెల్టర్‌లో ఏడాదికి 18,250 పడక-రాత్రులు. సగటున రాత్రికి 36 మంది పడుకుంటే 13,140 హాజర్లు, అంటే 72 శాతం నిండినట్టు. ఈ 13,140ని ‘లబ్ధిదారులు’ అని రాస్తే నగరంలో పదమూడు వేలమందికి ఆశ్రయం దొరికినట్టు వినిపిస్తుంది. నిజంగా అందులో రెండొందల వేర్వేరు మనుషులే ఉండొచ్చు, ఎనిమిది వందలమందీ ఉండొచ్చు. రెండొందలైతే దాదాపు స్థిరపడిన వాళ్లు, వాళ్లకు షెల్టరే ఇల్లయిపోయింది. ఎనిమిది వందలైతే వచ్చిపోయేవాళ్లు. ఈ రెండు షెల్టర్లకూ చేయాల్సిన పని వేరు, పెట్టాల్సిన ఖర్చు వేరు. ఒక్క ‘లబ్ధిదారులు’ అనే గడిలో ఆ తేడా పూర్తిగా మాయమవుతుంది. అందుకే హాజర్లు, వేర్వేరు వ్యక్తులు, సగటు బస అని మూడు అంకెలు విడివిడిగా కావాలి.

దొంగ హాజరు పట్టడం పెద్ద విద్యేం కాదు. పేర్లన్నీ రోజూ ఒకే వరుసలో ఉంటాయి. నెల మొత్తం ఒకే పెన్ను, ఒకే చేతిరాత. వచ్చిన టైములు 8:00, 8:05, 8:10 అని బస్సు టైంటేబుల్‌లా నడుస్తాయి. సంక్రాంతి నాడూ 48 మందే, శివరాత్రి నాడూ 48 మందే. నిజమైన రిజిస్టర్‌లో పండగకు తగ్గుతారు, ముసురు పట్టినప్పుడు పెరుగుతారు, నెల మొదట్లో కూలి డబ్బులు అందినప్పుడు కొందరు కనబడరు. అలా ఎగుడుదిగుడుగా ఉంటేనే నమ్మొచ్చు.

ఆసుపత్రుల దగ్గరి షెల్టర్లను విడదీసి చూడటం ఇంకో ముఖ్యమైన సంగతి. నిలోఫర్, ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రుల ముందు రోగుల బంధువులు రోడ్డు మీద పడుకోవడం అందరూ చూసేదే. వాళ్లకు నీడ కల్పించడం అవసరమే, ఎవరూ కాదనరు. అయితే నల్లగొండ నుంచి బిడ్డను తీసుకొచ్చిన తల్లికి ఊళ్లో ఇల్లుంది. పదిరోజుల్లో వెళ్లిపోతుంది. అటెండెంట్ల షెల్టర్ ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది కాబట్టి, దాన్ని కలిపి సగటు తీస్తే నగరం మొత్తం మీద ‘ఆక్యుపెన్సీ 90 శాతం’ అని వస్తుంది. విడదీస్తే ఫ్లైఓవర్ కింది షెల్టర్‌లో సగం ఖాళీ అని బయటపడుతుంది.

పడక ఖాళీ, పక్కనే ఫుట్‌పాత్ నిండా జనం

షెల్టర్ ఖాళీగా ఉండి, వంద గజాల్లో మనుషులు రోడ్డు మీద పడుకుంటే అధికారులకు ఒకటే జవాబు తోస్తుంది: ‘పిలిచినా రారండీ.’ రాకపోవడానికి కారణాలు చాలా మామూలువి. కేటరింగ్ కూలీకి పెళ్లిభోజనాలయ్యి, గిన్నెలు తోమి బయటపడేసరికి రాత్రి ఒంటిగంట; గేటు పదింటికే వేసేస్తారు. అడ్డా కూలీ ఆరింటికల్లా అడ్డా మీద నిలబడాలి. షెల్టర్ రెండు బస్సుల దూరంలో ఉంటే పని పోతుంది. రిక్షాకు, చిత్తుసామాను గోనెకు, తోపుడుబండికి లోపల చోటుండదు. బయట పెడితే తెల్లారేసరికి ఉండదు. భార్యాభర్తలు పిల్లలతో వస్తే మగవాళ్ల షెల్టర్ ఒకవైపు, ఆడవాళ్లది ఇంకోవైపు. తాగి వస్తే రానివ్వరు. ఆధార్ అడుగుతారు. ఇవన్నీ దాటి లోపలికొస్తే నల్లులు. దుప్పట్లు, పరుపులు క్రమం తప్పకుండా ఉతకాలని మార్గదర్శకాల్లో ఉంది. నిర్వహణ ఖర్చుల్లో మొదట కోత పడేదీ అక్కడే.

షెల్టర్లు స్టేషన్లు, బస్టాండ్లు, హోల్‌సేల్ మార్కెట్ల దగ్గరే ఉండాలని, సామాన్లకు లాకర్లు ఉండాలని అదే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఊరవతల ఖాళీ జాగా దొరికిందని కట్టిన షెల్టర్ నివేదికలో ఒక అంకెగా పనికొస్తుంది, పడుకునేవాడికి పనికిరాదు.

రోజుకు ముప్పైమూడు రూపాయలు

మిషన్ మార్గదర్శకాల్లో యాభైమంది షెల్టర్ నిర్వహణకు ఏడాదికి ఆరు లక్షలు. మనిషికి ఏడాదికి పన్నెండు వేలు, నెలకు వెయ్యి, రోజుకు 33 రూపాయలు. నెలకు చేతికొచ్చేది యాభై వేలు. షెల్టర్ ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలంటే మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు, పైన ఒక మేనేజరు. ఒక్కొక్కరికి పదివేలిస్తారనుకున్నా నలభై వేలు అక్కడే అయిపోయాయి. మిగిలిన పదివేలల్లో కరెంటు, నీళ్లు, ఫినాయిల్, దుప్పట్ల ఉతుకు, మందుల పెట్టె, పాడైన మోటారు, చెడిపోయిన కుళాయి. ఈ లెక్క ఎక్కడ తెగుతుందో చూడటానికి అకౌంటెంటు అక్కర్లేదు. ముగ్గురు చేయాల్సిన షిఫ్టులు ఇద్దరు చేస్తారు. పగలు తాళం పడుతుంది. రాత్రి పనిచేసి పగలు పడుకునే వాచ్‌మన్‌కు ఆ షెల్టర్ లేనట్టే.

చాలా షెల్టర్లు నడిపేది కార్పొరేషన్ స్వయంగా కాదు, ఒప్పందం మీద స్వచ్ఛంద సంస్థలు. డబ్బు విడతలుగా వస్తుంది. వాడిన డబ్బుకు యుటిలైజేషన్ సర్టిఫికెట్, అదే అందరూ యూసీ అనేది, పైకి వెళ్తేనే తర్వాతి విడత కదులుతుంది. ఒక పట్టణం యూసీ ఆలస్యమైతే జీతాలు నెలల తరబడి ఆగుతాయి. అప్పుడు మానేసేది కేర్‌టేకర్. అతనితో పాటు ఎవరికి ఏ మందులు, ఎవరి ఊరు ఏది, ఎవరి తమ్ముడి ఫోన్ నంబరేది అన్న జ్ఞానమంతా బయటికి నడిచిపోతుంది.

ఇంకా పెద్ద గండం ఒకటుంది. మిషన్ కింద ఈ నిర్వహణ సాయం ఒక్కో షెల్టర్‌కు ఐదేళ్లే ఉండేది. ఆ తర్వాత భారం స్థానిక సంస్థది. ఆరో ఏట షెల్టర్ మూతపడిందా, పక్కదానిలో ‘విలీనం’ అయిందా అన్నది నివేదికలో చూడాలి. కొత్తగా తెరిచినవి పెద్ద అక్షరాల్లో ఉంటాయి, మూసినవి ఉండవు. మిషన్ గడువే 2024 సెప్టెంబరుతో ముగిసింది. పట్టణ పేదరిక నిర్మూలనకు కొత్త మిషన్ రూపొందిస్తున్నామని, అందులో ఆశ్రయం కూడా ఉంటుందని 2025 ఫిబ్రవరిలో అటార్నీ జనరల్ సుప్రీంకోర్టుకు చెప్పారు. ఇలా పథకానికీ పథకానికీ మధ్య పడే ఖాళీలో సొంత బడ్జెట్‌లో పద్దు పెట్టుకున్న కార్పొరేషన్ ఏదో, కేంద్రం డబ్బు మీదే ఆధారపడింది ఏదో తేలిపోతుంది. వార్షిక బడ్జెట్ పుస్తకంలో ఆ ఒక్క పద్దు వెతకండి.

బయటికి వెళ్లిన దారి

షెల్టర్‌లో మనిషి పడుకుంటే సమస్య తీరినట్టు కాదు, సమస్యకు ఒక చిరునామా దొరికినట్టు. ప్రగతి అనదగ్గది ఆ తర్వాత జరిగేది. ఆ దారిలో మొదటి మెట్టు కాగితాలు.

ఆధార్‌కు చిరునామా కావాలి, చిరునామా లేకపోవడమే ఇక్కడి జబ్బు. గుర్తింపు పొందిన ఆశ్రయ కేంద్రం అధిపతి నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ ఇస్తే ఆధార్ నమోదుకు చెల్లుతుంది. ఈ సంగతి తెలియక నెలలు పోగొట్టే కేంద్రాలున్నాయి. ఓటు విషయంలో ఎన్నికల సంఘం నిబంధన ఇంకా సులువు. నిరాశ్రయుడు ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే చాలు, నివాస రుజువు అడగరు. బూత్ స్థాయి అధికారి ఒకటికంటే ఎక్కువ రాత్రులు అక్కడికెళ్లి, మనిషి నిజంగా అక్కడ పడుకుంటున్నాడో లేదో చూసుకుంటాడు. రేషన్ కార్డు సొంతూళ్లో ఉన్నవాడికి ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ పథకం కింద పట్నంలోనే బియ్యం ఇప్పించొచ్చు, వేలిముద్ర పడితే. రాళ్లు మోసి అరిగిపోయిన వేళ్లకు పడకపోవడమూ మామూలే. ఆధార్, బ్యాంకు ఖాతా, పింఛను ఈ వరుసలో కదులుతాయి, ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. ఏడాదిలో ఎంతమందికి ఎన్ని కాగితాలయ్యాయో చెప్పే నివేదిక, ఎన్ని దుప్పట్లు పంచారో చెప్పే నివేదిక కంటే విలువైనది.

కొంతమంది దారి షెల్టర్ గుండా పోనే పోదు. ఒంటరిగా తిరిగే పిల్లలు 2015 బాల న్యాయ చట్టం కింద బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లాలి. 1098కి ఫోన్ చేయాలి, పెద్దల షెల్టర్‌లో పడుకోబెట్టకూడదు. మతిస్థిమితం లేక తిరిగేవాళ్ల బాధ్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్ కింద పోలీసులది. 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. చిక్కు వచ్చేది మందులతో నెమ్మదించాక. ఆసుపత్రి డిశ్చార్జ్ చేస్తుంది, ఇంటివాళ్లు దొరకరు, మామూలు షెల్టర్‌లో మందులు గుర్తుచేసి ఇచ్చేవాళ్లుండరు. మూడు నెలల్లో మళ్లీ అదే ఫుట్‌పాత్. ఇలాంటివాళ్లకు, వృద్ధులకు, ఒంటరి మహిళలకు ప్రత్యేక షెల్టర్లు వేరుగా కావాల్సింది అందుకే. నివేదికలో వాటిని మామూలువాటితో కలిపి చూపారా, విడిగా చూపారా?

వెళ్లినవాళ్లను రాసే పద్ధతిలోనూ మెలిక ఉంది. ఇంటివాళ్లతో కలిసినవాడు, గది అద్దెకు తీసుకున్నవాడు, వృద్ధాశ్రమానికి వెళ్లినవాడు, ఆసుపత్రిలో చేరినవాడు, చనిపోయినవాడు, ఊరికే రావడం మానేసినవాడు అందరూ రిజిస్టర్‌లోంచి వెళ్లినవాళ్లే. చివరివాడు ఇంకో ఫ్లైఓవర్ కింద ఉండొచ్చు. ‘పునరావాసం పొందినవారు’ అన్న గడిలోకి మొదటి ముగ్గురే రావాలి, అదీ ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి చూశాకే.

లాస్ ఏంజెలెస్ లెక్క చూస్తే

డబ్బు కొరత లేనిచోట కూడా ఈ లెక్క ఎంత మొండిదో లాస్ ఏంజెలెస్ చూపిస్తుంది. అక్కడ నగరం, కౌంటీ కలిసి 1993లో పెట్టుకున్న ఏజెన్సీ ఏటా జనవరిలో తలలెక్క తీయించి ఫలితాలు బయటపెడుతుంది. 2025లో కార్చిచ్చుల వల్ల అది ఫిబ్రవరికి జరిగింది.

2020లో ఆ ఏజెన్సీ ఒక వాక్యం చెప్పింది, నిరాశ్రయుల గురించి ఏ నివేదికలోనైనా ఉండాల్సిన వాక్యం. రోజుకు సగటున 207 మంది నిరాశ్రయ స్థితి నుంచి బయటపడుతున్నారు, 227 మంది కొత్తగా అందులో పడుతున్నారు. ఏడాదికి 75 వేలమందికి పైగా బయటపడ్డారన్న మాట. అంత పని జరిగినా కౌంటీ సంఖ్య 58,936 నుంచి 66,436కు పెరిగింది. రోజుకు ఇరవైమంది తేడా 365 రోజులకు 7,300 అవుతుంది. తలలెక్కలో తేలిన పెరుగుదల 7,500. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు దాదాపు కలిశాయి. తొట్టిలోంచి తోడే నీళ్లు ఎంతని మాత్రమే చెప్పి, పైన కుళాయి ఎంత ధారగా వస్తోందో చెప్పకపోతే తొట్టి ఎందుకు పొర్లుతోందో ఎవరికీ అర్థం కాదు.

2024లో కౌంటీ మొత్తం 75,312. 2025లో 72,308. తగ్గింది 3,004. కానీ లోపలికి చూస్తే రోడ్డు మీదివాళ్లు 52,365 నుంచి 47,413కు, అంటే 4,952 మంది తగ్గారు. షెల్టర్లలో ఉన్నవాళ్లు 22,947 నుంచి 24,895కు పెరిగారు. రోడ్డు మీది తగ్గుదల అంతా మొత్తం లెక్కలో తగ్గుదల కాలేకపోయింది. షెల్టర్‌లో ఉన్నవాడు కూడా అక్కడ నిరాశ్రయుడిగానే లెక్క. మన నివేదికల్లో షెల్టర్‌లో చేరినవాడు ‘లబ్ధిదారు’ అయిపోతాడు, సమస్య లెక్కలోంచి తప్పుకుంటాడు. రెండు పద్ధతుల మధ్య అసలు తేడా ఇదే.

అలాగని అక్కడ అంతా బాగుందనేం కాదు. ఖర్చు చేసిన డబ్బు జాడ సరిగ్గా చూపలేకపోతోందన్న విమర్శల మధ్య, 2025 ఏప్రిల్‌లో కౌంటీ సూపర్‌వైజర్లు ఆ ఏజెన్సీ నుంచి 30 కోట్ల డాలర్లకు పైగా నిధులు వెనక్కి తీసుకుని సొంత శాఖ పెట్టుకోవాలని తీర్మానించారు. తలల లెక్క బాగా చెప్పినవాళ్లు డబ్బు లెక్క దగ్గర దొరికిపోయారు.

అడగాల్సినవి

మన కార్పొరేషన్ నివేదికలో లేనివి సమాచార హక్కు దరఖాస్తుతో రాబట్టొచ్చు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ‘నిరాశ్రయుల సమాచారం మొత్తం ఇవ్వండి’ అని రాస్తే పథకం బ్రోచర్ వస్తుంది. చిన్నగా, కచ్చితంగా అడగాలి. ఒక్కో షెల్టర్ విస్తీర్ణం చదరపు అడుగుల్లో, మంజూరైన పడకలు, నెలవారీ హాజరు, ఆ నెలలో వేర్వేరు వ్యక్తులెందరు, ఆసుపత్రి షెల్టర్లు విడిగా, మూడేళ్లలో మూసిన షెల్టర్లు, తేదీలతో, నిర్వహణ సంస్థకు ఏ తేదీన ఎంత చెల్లించారు, షెల్టర్ నిర్వహణ కమిటీ సమావేశాల మినిట్స్. హాజరు రిజిస్టర్ నకలు అడిగితే పేర్లు కొట్టేసి ఇమ్మనాలి. అది పడుకునేవాళ్ల మర్యాద కోసమూ, వ్యక్తిగత సమాచారమన్న సాకుతో దరఖాస్తు తిరస్కరించకుండానూ. రెండు పండగ రోజులు, రెండు వాన రోజులు ఎంచుకుని ఆ నాలుగు పేజీలే అడిగితే సరిపోతుంది.

ఇక తలలెక్క సంగతి. పదహారేళ్ల విరామం తర్వాత జరిగే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. 2011 ఆనవాయితీయే పాటిస్తే నిరాశ్రయుల్ని లెక్కపెట్టేది దాని ముందు రాత్రి, ఫిబ్రవరి 28న. ఎన్యూమరేటర్లకు చోట్ల పట్టిక ఇవ్వాల్సింది స్థానిక సంస్థలే. ఏ ఫ్లైఓవర్ కింద ఎంతమంది, ఏ గుడి వెనక ఎంతమంది, రైల్వే అనుమతి ఎవరు తెస్తారు, ఆ వారం పోలీసుల తరలింపులు ఆపమని ఎవరు చెబుతారు అన్నవి జనవరిలోనే తేలాలి. మీ వార్డు పట్టిక తయారైందో లేదో కనుక్కోవడానికి వార్డు ఆఫీసుకు వెళ్లొచ్చు. పట్టిక ఉందంటే రాత్రి పదకొండు తర్వాత దాన్ని చేత్తో పట్టుకుని ఒకసారి తిరిగి చూడొచ్చు.